“సిస్టర్ గారికి చెప్పొద్దు టీచర్” అంది ఆ పాప

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక టీచర్ గారు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు మార్చి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకి 41 ఏళ్లు. మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని డయోసిస్) నడిపే ఇంగ్లీష్ మీడియం హైస్కూల్లో 14 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నారు. హెచ్.ఎం. ఒక సిస్టర్ గారు, కరస్పాండెంట్ ఆ ఊరి విచారణ గురువులే, అంటే గుడి ఫాదర్ గారే. టీచర్ గారు కూడా కథోలికులే, నాన్నగారు ఉపదేశిగా (గుడి తరఫున మతబోధ చేసే మనిషిగా) పనిచేసి పోయారు, జ్ఞానస్నానం దగ్గర్నుంచి పెళ్లిదాకా ఆమెకి అన్నీ ఆ గుడిలోనే జరిగాయి. జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు స్టాఫ్ మీటింగ్‌లో సిస్టర్ గారు “పిల్లలకి మీ దగ్గర చనువు ఎక్కువ, ఈ ఏడాది నుంచి కౌన్సెలింగ్ మీరే చూసుకోండి” అన్నారట. ట్రైనింగ్ లేదు. వారానికి 34 పీరియడ్లు అలాగే ఉన్నాయి, సాయంత్రం టెన్త్ స్పెషల్ క్లాసులూ అలాగే ఉన్నాయి. హెచ్.ఎం. గది పక్కన స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, రెండు కుర్చీలు వేసి, తలుపు మీద బోర్డు పెట్టారు.

మూడు వారాల క్రితం బోర్డింగ్‌లో ఉండే తొమ్మిదో తరగతి పాప ఒకతి లంచ్ టైమ్‌లో వచ్చి, చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. తనే కోసుకుంటోంది. నిద్ర పట్టడం లేదంది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది, తండ్రి జాడ లేదు, ఊళ్లో అమ్మమ్మ ఒక్కతే. “సిస్టర్ గారికి చెప్పొద్దు టీచర్, టీసీ ఇచ్చి పంపేస్తారు, అమ్మకి తెలిస్తే అక్కడ ఏడుస్తుంది” అని పాప ఏడిస్తే, చెప్పనని టీచర్ గారు మాటిచ్చేశారు. అప్పట్నుంచి ఈమెకీ నిద్ర లేదు. నోట్సు దిద్దుతుంటే ఆ చెయ్యే కనిపిస్తోందట. స్టాఫ్ బాత్రూమ్‌లో ఏడ్చి, మొహం కడుక్కుని క్లాసుకి వెళ్తున్నారు. అత్తగారి నిద్రమాత్ర సగం విరిచి వేసుకుంటున్నారు. ఒక మీటింగ్‌లో తోటి టీచర్ ఒకావిడ అలసిపోతున్నాం అని నోరు తెరిచి అంటే “మనది ఉద్యోగం కాదు, సేవ, దేవునికి ఒప్పజెప్పండి” అనే జవాబు వచ్చింది. భర్త మానేయమంటున్నారు. మనసులోది పాపసంకీర్తనంలో (గురువు దగ్గర రహస్యంగా చేసే కన్ఫెషన్‌లో) చెప్పుకుందామంటే అక్కడ కూర్చునేది కరస్పాండెంట్ ఫాదర్ గారే.

ఆమె అడిగినవి మూడు. పాపకిచ్చిన మాట తప్పాలా? ఈ బాధ్యత వదిలేయాలా, లేక ఉద్యోగమే వదిలేయాలా? ఇంత విసుగు రావడం నా విశ్వాసంలో లోపమా?

టీచర్ గారూ,

మూడో ప్రశ్న మీకు అన్నిటికంటే లోపల గుచ్చుకుంటోందని మీ రాతలోనే తెలుస్తోంది, దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. కానీ పాప విషయం ఆగదు. ఈ వారంలోనే, వీలైతే మీరు ఇది చదివిన మర్నాడే మాట్లాడాలి, అందుకే అక్కడ మొదలుపెడుతున్నాను.

మీరు మాటిచ్చినందుకు నేను తప్పు పట్టను. ఏడుస్తున్న పిల్ల ఎదురుగా ఉంటే, ముందుగా ఎవరూ ఏమీ నేర్పకపోతే, ఎవరైనా అదే అంటారు. నేను స్కూళ్లలో కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ అన్నాను, తర్వాత చాలా ఇబ్బంది పడ్డాను. పిల్లలు చెప్పేవాటిలో చాలావరకు దాచిపెట్టొచ్చు, దాచాలి కూడా. ప్రాణానికి, ఒంటికి హాని ఉన్న విషయం మాత్రం ఒక్కరి దగ్గర ఉండకూడదు. మీకు జ్వరమొచ్చి నాలుగు రోజులు స్కూలుకి రాకపోతే ఆ పాప సంగతి తెలిసినవాళ్లు ఆ కాంపౌండ్‌లో ఒక్కరు కూడా ఉండరు, అది తలుచుకుంటేనే భయంగా ఉంది.

అలాగని నేరుగా వెళ్లి సిస్టర్ గారికి చెప్పేయకండి. ముందు పాపకే చెప్పండి. ఆ స్టోర్ రూమ్‌లో వద్దు, గ్రోటో (మరియమాత గుహ) దగ్గరో చెట్టు కిందో నడుస్తూ మాట్లాడండి, ఎదురెదురుగా కూర్చున్నప్పటికంటే పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఈ వయసు పిల్లలు తేలిగ్గా నోరు విప్పుతారు. “నాకు చెప్పి మంచి పని చేశావు. చెప్పనని మాటిచ్చాను, ఆ మాట నేను తొందరపడి ఇచ్చాను, అది నా తప్పు. నీ ప్రాణానికి సంబంధించింది నేనొక్కదాన్నే దాచుకోలేను. ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అనేది మనిద్దరం కలిసి అనుకుందాం, నీకు తెలియకుండా ఎవరితోనూ మాట్లాడను.” దాదాపు ఇలాంటి మాటలు. కోపగించుకుంటుంది, రెండు మూడు రోజులు మీ మొహం చూడకపోవచ్చు. దానికి సిద్ధపడండి. అయినా తన వెనకాల ఏదీ జరగలేదన్న సంగతి ఆ పిల్లకి గుర్తుంటుంది.

అప్పుడే ఇంకొకటి అడగాలి, సూటిగా అడగాలి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది టీచర్లు భయపడతారు, అలా జరగదు. పైగా ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుంది. కోసుకునే పిల్లలందరూ చావాలనుకుని కోసుకోరు, లోపలి బాధ తట్టుకోలేక అలా చేసేవాళ్లే ఎక్కువమంది కనిపిస్తారు, కానీ అలా చేసుకునే పిల్లలకి ఆ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ కాబట్టి మనం ఊహించుకుని వదిలేయకూడదు. అవునని చెప్పినా, ఎలాగో కూడా ఆలోచించానని చెప్పినా, ఇక మిగతా లెక్కలేవీ లేవు. ఆ రాత్రి తనని ఒంటరిగా ఉంచకూడదు, అదే రోజు హెచ్.ఎం.కి తెలియాలి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారా, ఊళ్లో గానీ బోర్డింగ్‌లో గానీ ఎవరివల్లనైనా భయం ఉందా అని కూడా మెల్లగా అడగండి. అలాంటిదేదైనా బయటపడితే అది మీరూ సిస్టర్ గారూ కూర్చుని తేల్చుకునే విషయం కాదు. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. సంస్థ బాధ్యతలో ఉన్నవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయం దాచిపెడితే శిక్ష ఇంకా ఎక్కువ. స్కూల్ పేరు, గుడి పేరు అనే మాట అక్కడ చెల్లదు. చైల్డ్‌లైన్ 1098కి మీరే ఫోన్ చేయొచ్చు.

అలాంటిదేదీ లేదని తేలితే, ఎవరికి ముందు చెప్పాలన్న ప్రశ్న మిగులుతుంది. దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ నష్టం లేని దారి కాదు.

మొదట సిస్టర్ గారికే చెప్పడం. బోర్డింగ్ ఆవిడ చేతిలో ఉంది కాబట్టి రాత్రిపూట పాపకి రక్షణ ఆవిడ ద్వారానే వస్తుంది, ఇది పెద్ద లాభం. పాప చెప్పిన టీసీ భయం మాత్రం నిజమే, నేను విన్నదాన్ని బట్టి చెబుతున్నాను, “రేపు ఇక్కడేదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి” అనే కంగారులో మంచివాళ్లు కూడా పిల్లని ఇంటికి పంపేస్తారు. ఈ పాపకి ఇల్లంటే అమ్మమ్మ ఒక్కతే ఉన్న ఊరు, అక్కడికి పంపితే ప్రమాదం స్కూల్ గేటు దాటుతుంది తప్ప తగ్గదు. అందుకని సిస్టర్ గారి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: పాపని ఏ డాక్టర్‌కి చూపిద్దాం, బోర్డింగ్‌లో ఎవరి పక్కన పడుకోబెడదాం, పదునైన వస్తువులు ఎవరి దగ్గర ఉంచుదాం, తల్లికి ఎవరు ఎప్పుడు చెబుదాం. చివర్న “ఈ కారణం మీద టీసీ మాట రాకూడదు సిస్టర్” అని. ముందు ఒక దారి కనిపిస్తే కంగారు చాలావరకు దిగుతుంది.

రెండోది తల్లికి చెప్పడం. తల్లికి హక్కు ఉంది, తెలియాలి. కానీ కువైట్‌లో ఇంకొకరి ఇంట్లో పనిచేస్తున్న మనిషికి పని మధ్యలో, ఫోన్‌లో ఈ కబురు చెబితే ఆమె ఏం చేయగలదు? టికెట్ కొనుక్కుని రాలేదు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు. కాబట్టి సెలవు దొరికే రోజు చూసుకుని, ఇక్కడ డాక్టర్‌కి చూపించడం మొదలయ్యాక, “మేం ఇది చేస్తున్నాం, మీరు వారంలో రెండుసార్లు పాపతో మాట్లాడండి” అని చెప్పగలిగే స్థితిలో చెప్పడం నయం అని నా అభిప్రాయం. ఆలస్యమంటే నాలుగైదు రోజులు, నెలలు కాదు. ఈ లోపు అమ్మమ్మకి ఎంతవరకు చెప్పాలో పాపనే అడగండి.

మూడోది, ఎవరికీ చెప్పేముందు మీరే బయటి సలహా తీసుకోవడం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబర్ 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలే చేయాలని లేదు, “నా స్టూడెంట్ ఇలా ఉంది, నేనేం చేయాలి” అని మీరు చేయొచ్చు. సిస్టర్ గారి దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి ఈ ఫోన్ చేయమనే చెబుతాను. దానివల్ల మీ మాటకి బలం వస్తుంది, మీకూ ఒక మనిషి తోడు దొరుకుతుంది. అయితే ఫోన్ చేసేశాను కదా అని ఆగిపోకూడదు, రాత్రి బోర్డింగ్‌లో పాప పక్కన ఉండేది ఆ ఫోన్‌లో మాట్లాడినవాళ్లు కాదు.

ఎవరికి చెప్పినా ఒకటి బతిమాలుతున్నాను. పాపని పిలిచి “దేవుడిచ్చిన శరీరాన్ని ఇలా చేసుకోవడం పాపం కాదా” అని అడగనివ్వకండి. ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వేయించుకోవడం కూడా వద్దు. ఇప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్న పిల్ల అది, ఇంకాస్త సిగ్గు కలిపితే చొక్కా చేతులు ఇంకా కిందికి లాక్కుంటుంది తప్ప మానదు.

ఇక మీ బాధ్యత సంగతి.

మీకు అప్పగించిన పనిలో ఒక పొరపాటు మొదట్నుంచీ ఉంది, అది మీది కాదు. పిల్లల కష్టం వినే గది హెచ్.ఎం. గది పక్కన ఉంది. నేను చూసిన ఒక స్కూల్లో కంప్లైంట్ బాక్స్‌ని ఆఫీసు కిటికీ పక్కన తగిలించారు, ఏడాది తర్వాత తెరిస్తే అందులో రెండు చాక్లెట్ కాగితాలు ఉన్నాయి. టీసీ సంతకం పెట్టే మనిషి చెవి పక్కన కూర్చుని ఏ పిల్లా నిజం చెప్పదు. మీ స్కూల్లో ఒక పాప చెప్పిందంటే అది మీ మంచితనం వల్లే.

ఈ మాట సిస్టర్ గారితో అనడానికి మీకు బయటి పుస్తకాలు అక్కర్లేదు, మీ తిరుసభ (కథోలిక సంఘం) చట్టంలోనే ఉంది. 1983 నాటి కానన్ చట్టం 985వ నిబంధన చూడండి: సెమినరీ (గురువులు కాబోయేవాళ్లు చదివే చోటు) గానీ ఇంకో విద్యాసంస్థ గానీ నడిపే అధిపతి, అదే ఇంట్లో ఉంటున్న తన విద్యార్థుల పాపసంకీర్తనం వినకూడదు, ఎప్పుడైనా విద్యార్థే తనంతట తాను కోరుకుంటే తప్ప. అధికారం చేతిలో ఉన్న మనిషికే మనసులోది కూడా చెప్పుకోవాల్సి వస్తే పిల్లలు ఇరుక్కుపోతారని తిరుసభ గ్రహించింది కాబట్టే కదా ఆ నియమం. కౌన్సెలింగ్ పాపసంకీర్తనం కాదు, ఒప్పుకుంటాను, కానీ కారణం రెండు చోట్లా ఒకటే. సిస్టర్ గారు ఆ భాషలో విన్నప్పుడు వినే తీరు వేరుగా ఉంటుంది, ప్రయత్నించండి.

బయటి చట్టం కూడా మీ వైపే ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలన్నిటికీ కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్‌ గానీ సైకాలజిస్ట్‌ గానీ సోషల్ వర్కర్‌ గానీ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనిపించేలా రాసి పెట్టాలి. కొన్ని యాజమాన్యాలు “మాది మైనారిటీ సంస్థ, ఆ రూల్స్ మాకు రావు” అంటుంటాయి. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ స్కూళ్లని విద్యాహక్కు చట్టం నుంచి మినహాయించిన మాట నిజం, ఈ మార్గదర్శకాలు ఆ చట్టం కింద వచ్చినవి కావు.

మీ ముందు మూడు దారులున్నాయి. కౌన్సెలింగ్ నా వల్ల కాదని చెప్పి తప్పుకోవచ్చు, అది మీ హక్కు. అప్పుడు మీకు ఊపిరాడుతుంది, కానీ ఆ కుర్చీలో ఇంకో టీచర్‌ని ఇలాగే కూర్చోబెట్టే ప్రమాదం ఉంది, పాపకి కూడా మీరు చెయ్యి వదిలేసినట్టు అనిపించొచ్చు, కాబట్టి తప్పుకున్నా ఆ ఒక్క పాప విషయం తేలేదాకా ఉంటానని చెప్పండి. రెండోది, షరతులతో ఉండడం: నేను కౌన్సెలర్‌ని కాదు, పిల్లలు మొదట వచ్చి చెప్పుకునే టీచర్‌ని మాత్రమే, నాతోపాటు ఇంకో టీచర్ ఉండాలి, వారానికి ఆరేడు పీరియడ్లు తగ్గాలి, గది మారాలి, వారానికి ఒక రోజైనా చదువుకున్న కౌన్సెలర్ రావాలి. డబ్బు లేదంటారు. ఒక్క స్కూల్‌కి ఉండకపోవచ్చు, నాలుగైదు స్కూళ్లు కలిస్తే ఒక కౌన్సెలర్ జీతం ఇవ్వడం మేత్రాసనానికి అసాధ్యం కాదు. సైకాలజీ, ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివిన సిస్టర్లు మఠాల్లో ఉంటారు, వేరే కాన్వెంట్ నుంచి అలాంటి సిస్టర్ ఒకరు వారానికోసారి వచ్చినా సరే, ఆమెకి ఈ పిల్లల టీసీలతో, మార్కులతో సంబంధం ఉండదు కాబట్టి పిల్లలు చెబుతారు. ఈ దారిలో నష్టమేమిటంటే మీరు అడిగిన నాలుగిట్లో ఒకటి ఇచ్చి మిగతావి తర్వాత చూద్దామంటారు, ఆ “తర్వాత” ఏడాదైపోతుంది. అందుకే నోటితో కాకుండా ఉత్తరం రాసి, తేదీ వేసి, కాపీ ఉంచుకుని ఇవ్వండి.

మూడోది ఉద్యోగం మానేయడం. మీ భర్త మాటని కొట్టిపారేయను, రోజూ ఇంట్లో మిమ్మల్ని చూస్తున్నది ఆయన. కానీ మీకు ఇది ఉద్యోగమొక్కటే కాదు, ఆదివారం పూజకి వెళ్లే గుడి, నాన్నగారి సమాధి, చిన్నప్పటి మనుషులు అన్నీ ఆ కాంపౌండ్ గోడకి అటూ ఇటూ ఉన్నాయి, నిద్ర లేని రాత్రుల్లో ఆ నిర్ణయం తీసుకోకండి. రెండు మూడు వారాలు సరిగ్గా నిద్రపోయి, షరతుల ఉత్తరం ఇచ్చి, జవాబు చూశాక అప్పటికీ మానేయాలనిపిస్తే విద్యా సంవత్సరం చివర్న మానేయండి, అందులో తప్పేమీ లేదు.

నిద్ర అంటే గుర్తొచ్చింది. అత్తగారి మాత్రలు ఈ రోజు నుంచి ముట్టుకోకండి, ఒకరికి రాసినవి ఇంకొకరు వేసుకోకూడదు. మూడు వారాలుగా నిద్ర లేదు, రోజూ ఏడుపొస్తోంది అంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిన సంగతే, జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. 14416 పాపకే కాదు, మీకు కూడా.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఉపదేశి గారి అమ్మాయి మీరు, నాకంటే బైబిల్ బాగా చదివి ఉంటారు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒక్కసారి మళ్లీ తెరవండి. ఏలీయా అంతటి ప్రవక్త ఎడారిలో చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని తిట్టలేదు, సేవ గురించి గుర్తు చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, అతను తిని మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చి రెండోసారి కూడా పెట్టాడు, నీ ప్రయాణం చాలా దూరం, తిను అన్నాడు. ఆ అధ్యాయం అయ్యేలోపు పనిలో తోడుగా ఎలీషాని కూడా ఇచ్చాడు. మీ విసుగు ఏ లెక్కన విశ్వాస లోపం అవుతుందో నాకైతే అర్థం కావడం లేదు. “దేవునికి ఒప్పజెప్పండి” అన్నవాళ్లు చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. ఆ సిస్టర్ గారు కూడా తెల్లవారకముందే లేచి, ప్రార్థన, పూజ, స్కూలు, బోర్డింగ్ లెక్కలు అన్నీ చూసుకుని ఏ రాత్రికో పడుకుంటూ ఉంటారు, ఆవిడకి అలసట వస్తే చెప్పుకునే చోటు ఉందో లేదో. వీలైతే మాటల్లో ఆ ప్రశ్న ఆవిడని అడిగి చూడండి.

పాపసంకీర్తనానికి మీరు మీ విచారణ గురువుల దగ్గరికే వెళ్లాలని ఏ నియమమూ లేదు. పక్క విచారణకి వెళ్లండి, లేదా మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని ఇంకో ఊరి గుడికి వెళ్లండి. అక్కడ విన్నది ఏ గురువూ బయటపెట్టకూడదు, పాలనలో వాడుకోకూడదు అని కూడా తిరుసభ చట్టంలో ఉంది, అయినా రోజూ మీ అటెండెన్స్ రిజిస్టర్ చూసే మనిషి ఎదుట మనసు విప్పలేకపోవడం సహజం, దానికి మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

రేపు పాపతో మాట్లాడేముందు లంచ్ బాక్స్ ఖాళీ చేసి వెళ్లండి. మాట్లాడాక సాయంత్రం మీ ఆయనకి, పాప పేరు చెప్పకుండా, మీకెలా ఉందో మాత్రం చెప్పండి. వీలైనప్పుడు నాకు రెండు లైన్లు రాయండి, పాప ఎలా ఉందో, మీరెలా ఉన్నారో. ఆ ఉత్తరం ఇక్కడ వేయను.